శుక్రవారం తెరిచి చూసే మనిషి

బుధవారం పొద్దున్నే మా మేనేజరు ఫోన్ చేశారు. "పెద్దాయన పోయినాడప్పా. ఇంట్లో కాఫీ తాగతా తాగతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట." చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నేను మొట్టమొదట అనుకున్న మాట మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. 'ఈయన కోసం ఎంతమంది వస్తారో!' అనుకున్నాను. నేను పోతే ఎవరొస్తారన్న ఆలోచన ఆ వెనకే వచ్చింది.

పెద్దాయన అన్నది ఆఫీసువాళ్ళు పెట్టుకున్న పేరు. నిజానికి నాకంటే రెండేళ్ళే పెద్ద. తిరుపతిలో మాది చిన్న ఆఫీసు. నలుగురి డేటాకు కాపలా కాయడం మా పని. తిరుచానూరు లాడ్జీల బుకింగులు, పలమనేరు వైపు ఒక పాలడైరీ వివరాలు, చిత్తూరులో ఒక ఆస్పత్రి రోగుల రికార్డులు, ఇలా వాళ్ళ సర్వర్లలో ఉండేవన్నీ మేమే చూసుకుంటాం. రోజూ వాటికి బ్యాకప్ తీసి వేరేచోట దాచిపెడతాం. మేమిద్దరం ఒకే నెలలో చేరాం, పక్కపక్క కుర్చీలు. పని నాకే ఎక్కువ వచ్చని ఇప్పటికీ నా నమ్మకం. ఆయన రెండు వేళ్ళతో టైపు చేసేవాడు. అయినా ఎక్కడ ఏ సర్వరు మొండికేసినా ఫోన్లో ఒకటే మాట, "పెద్దాయన ఉండాడా?" నేనున్నాను చెప్పండంటే, "ఆయప్ప వచ్చినాక చేస్తాంలే" అని పెట్టేసేవాళ్ళు. నా కడుపు ఎలా రగిలేదో నాకే తెలుసు.

ఆయనకొక అలవాటుండేది. శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి, తన స్టీలు గ్లాసు కడిగి బోర్లించి, ఆ వారం తీసిన కాపీలను ఒక పాత కంప్యూటర్లోకి ఎక్కించి ఒక్కొక్కటీ తెరిచేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ సంస్థకు ఫోన్ చేసి, "మీ రిజిస్టర్లో ఒక పేజీ తెరవండి. యాడ తెరవాలో నేను చెప్పను, మీ ఇష్టం" అనేవాడు. వాళ్ళు ఒక నంబరు చదివితే, అది తన దగ్గర కనిపించాక "ఉండాది" అనేవాడు. ఆ ఒక్క మాటకు మధ్యాహ్నమంతా పట్టేది. స్క్రీన్ మీద పచ్చ గుర్తు వచ్చిందంటే బ్యాకప్ అయినట్టే కదా, ఈ తతంగమంతా ఎందుకని నేను ఎగతాళి చేసేవాడిని. "కాపీ తీసినామని చెప్పద్దప్పా. తెరిసి సూసినాక చెప్పు" అని నవ్వేవాడు. ఆ నవ్వు కూడా నాకు గిట్టేది కాదు.

చిత్తూరు ఆస్పత్రి నా వాటా. అక్కడి రికార్డు రూములో ఒక అక్క ఉంది. అంతా కంప్యూటర్లోకి ఎక్కినా చేతి రిజిస్టరు రాయడం మానని మనిషి. వాళ్ళు కొత్త సర్వరుకు మారినప్పుడు పెద్దాయన, "బ్యాకప్ ఒకసారి తెరిసి సూడప్పా" అన్నాడు. "నా ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటా, నువ్వు నీ పాలడైరీ చూసుకో" అన్నాను. కొన్నాళ్ళకు, శుక్రవారం ఫోన్లు ఆ అక్కకూ వెళ్తున్నాయని తెలిసింది. నా మనుషుల్ని కూడా లాక్కుంటున్నాడని వారం రోజులు ముఖం చూడలేదు.

ఒక సోమవారం ఉదయం ఆ ఆస్పత్రి సర్వరు డిస్కు పాడైంది. ఓపీ ముందు జనం బారులు తీరారు. డాక్టర్లకు పాత పరీక్షల వివరాలు కనిపించడం లేదు. నేను ధీమాగా నా బ్యాకప్ తెరిచాను. అందులో సర్వరు మారకముందు సంగతులే ఉన్నాయి. ఎవరూ వాడని పాత డేటాబేసునే నా ప్రోగ్రాము బుద్ధిగా కాపీ చేస్తూ, రోజూ నాకు పచ్చ గుర్తు చూపించింది. నాలుగు నెలల రికార్డులు లేవు. పెద్దాయన నా వెనక నిలబడి చూశాడు. తన టేబులు దగ్గరికి వెళ్ళి, సొరుగులోంచి ఒక డిస్కు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను కసిరాక నాతో చెప్పకుండా, కొత్త సర్వరు నుంచి అంతకుముందు శుక్రవారం ఆయన తీసి, తెరిచి చూసుకున్న కాపీ అది. శని, ఆదివారాలవి అక్క తన రిజిస్టరు చూసి మళ్ళీ ఎక్కించింది.

ఎలా దొరికిందని మేనేజరు అడిగితే, "ఆయప్పే ముందుజాగ్రత్తగా ఇంకో కాపీ పెట్టిచ్చినాడు సార్" అని పెద్దాయన నన్ను చూపించాడు. నేను కాదనలేదు. ఆస్పత్రివాళ్ళు నాకు శాలువా కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. కృతజ్ఞత కలగాలి కదా? కలగలేదు. మంచితనంలో కూడా నన్ను దాటిపోయాడని ఇంకా మండింది. ఆ శాలువా ఒక్కసారి కూడా కప్పుకోలేదు. ఆ నిజం ఎవరికీ చెప్పలేదు, ఆయనకు థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆయన ఇంటిముందు నేను అనుకున్నంత జనమూ వచ్చారు. అక్క చిత్తూరు నుంచి బస్సులో వచ్చింది. ఆమె కంట పడకుండా పక్కకు తప్పుకున్నాను.

ఆ శుక్రవారం ఆఫీసులో మధ్యాహ్నం భోజనం చేసి, వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను. గ్లాసు ఆయన బోర్లించినట్టే ఉంది. ఆస్పత్రి కాపీ తెరిచి ఫోన్ చేశాను.

"అక్కా, ఒక పేజీ తెరవండి."

ఆమె రిజిస్టరు తెరిచింది. తర్వాత ఒక నంబరు చదివింది. ఆ నంబరు నా దగ్గర కనిపించింది: ఐరాల నుంచి వచ్చినామె, మోకాలి నొప్పి.

"ఉండాది" అన్నాను. ఆగలేక, "అక్కా, ఆ రోజు దొరికిన కాపీ నాది కాదు. ఆయనది" అనేశాను.

"తెలుసప్పా. వారం వారం నాతో పేజీలు తెరిపిచ్చింది ఎవురో నాకు తెలీదా?"

"మరి శాలువా కప్పేటప్పుడు చెప్పలేదే?"

"చెప్దామనే అనుకుంటి. ఆయప్పే వద్దనె. 'వాడు మంచి పనిమంతుడుక్కా. నలుగుర్లో తల దించుకుంటే మళ్ళా పనిమీద మనసు పెట్టలేడు' అనె."

పనిమంతుడు. ఆ ఒక్క మాట ఎవరి నోటనైనా వినాలని ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నాను. అన్నది ఆయన. అదీ నా వెనక.

"ఇంకోటప్పా" అంది అక్క. "ఆయప్ప 'ఉండాది' అని చెప్పి ఫోన్ పెట్టేసే రకం కాదు. ఆ పేజీలో ఉండే మనిషికి నయమైందా అని అడుగుతా ఉండె."

మళ్ళీ అసూయ పుట్టింది, అబద్ధమెందుకు? పోయినా ఆయనే ముందున్నాడు.

"ఆమెకు నయమైందా అక్కా?" అని అడిగాను.

"ఉండప్పా, సూసి చెప్తా" అంది. అవతల ఆమె వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క పేజీ తిప్పుతున్న చప్పుడు వింటూ, ఫోన్ చెవికి ఆనించుకుని ఆయన కుర్చీలోనే కూర్చున్నాను.