మామ దిద్దిన ఒత్తు

“మీ మామ ఇంక లేడప్పా” అని అత్త ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో నా షాపులో పెళ్లి బ్యానర్ చేస్తా ఉన్నా. ఫోన్ పెట్టేసినాక కూడా మౌస్ వదల్లేదు. పెళ్లికొడుకు ఫోటోను ఆ మూలకు జరిపినా, ఈ మూలకు జరిపినా. ఇది రాస్తా కూడా నాలుగుసార్లు లేచినా.

గ్రాఫిక్ డిజైనర్ అంటారు నన్ను. యాడ నేర్చుకున్నావంటే కంప్యూటర్ సెంటర్ పేరు చెప్తా. అది సగం అబద్ధం. ఇంటర్ తప్పినాక రెండేండ్లు పెనుకొండలో మామ దగ్గర అక్షరం నేర్చుకున్నా. బోర్డులు రాసే పెయింటరు ఆయన. రొద్దంలో ఎరువుల అంగడైనా, గుడిబండలో బట్టల కొట్టైనా, ముందు కింద ఒత్తులకు చోటు కొలిచి గీత కొట్టేవాడు. ఆ తర్వాతే పైన అక్షరం.

“ఒత్తుకు చోటియ్యనోడు తెలుగు రాయకూడదబ్బా, పోయి ఇంగ్లీషు రాసుకోవల్ల” అనేవాడు.

ధర్మవరంలో ఒక చీరల అంగడికి ఏండ్లుగా మామ రాసిన బోర్డే ఉండేది. ఆ ఓనరు ఫ్లెక్స్ కావాలని నా దగ్గరికొస్తే, మామకు ఒక్క మాటైనా చెప్పకుండా చేసిచ్చినా. పైగా కింద ఫోన్ నంబరు ఇరికించడానికి ‘పట్టు వస్త్రాలయం’లో ఒత్తులన్నీ నలిపేసినా. మామ అది చూసినాడని తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయినా. రెండేండ్లు పెనుకొండ మీదుగా పోతా, వస్తా కూడా ఆయన వీధిలోకి తిరగలేదు. తప్పయిందని ఒక్కమాట అనుంటే ఏం పోయేది నాకు?

మామను మట్టి చేసి వచ్చినాక అత్త నన్ను రంగుల గదిలోకి పిలిచింది. గోడకు నా ఫ్లెక్సే. ఎండకు వెలిసిపోయిందని ఓనరు పీకేస్తే, మామ అడిగి తెచ్చుకున్నాడంట.

“ఎంత తిట్టుకున్నాడో దీన్ని చూసి” అన్నా.

“తిట్టేదేందప్పా? అల్లుడొస్తే కూర్చోబెట్టి చూపిస్తా, సగం నేను దిద్దుతా, సగం వాడు దిద్దల్ల అంటా ఉండె. నువ్వు యాడొస్తివి?”

దగ్గరికి పోయినా. ‘పట్టు’ కింద ఒత్తును ఎర్రరంగుతో నిండుగా దిద్దినాడు. ‘వస్త్రాలయం’ కింద పెన్సిల్ గీతలు మాత్రమే ఉండాయి.