పదింట ఏడు: మా సూర్యం బాబాయ్ లెక్క

నిన్న పొద్దున్నే సావిత్రి పిన్ని దగ్గర్నుంచి ఫోన్. బాబాయ్ ఏదో గాలివాన కబురు చెప్పమన్నారనుకుని, "ఏంటి పిన్నీ, వానొస్తోందా?" అన్నాను నవ్వుతూ.

"మీ బాబాయ్ లేవట్లేదే అమ్మాయ్" అంది.

సూర్యం బాబాయ్ నిద్రలోనే వెళ్లిపోయారు.

ఇంకా నమ్మలేకపోతున్నాను. మొన్న సాయంత్రమే మా మామిడి తోటకు వచ్చి పిందెలు చూసి వెళ్లారు. గోలీకాయంత ఉన్నాయి. "ఈసారి కాపు బాగుందే" అని నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డారు.

మన మామిడి రైతుల వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. బాబాయ్ తుఫాను హెచ్చరికలు ఇచ్చే ఆఫీసులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశారు. రిటైరయ్యాక రెడ్డిగూడెం వచ్చి, మా తోట పక్కనే తన వాటా తోట చూసుకున్నారు. మామిడి రైతుకు పక్క తోటలో అలాంటి మనిషి ఉండటం ఎంత అదృష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ అదృష్టాన్ని నేనేం చేసుకున్నానో ఇవాళ చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, మే నెల. బంగినపల్లి కోత అయిపోయింది. చిన్న రసాలు ఇంకో వారం చెట్టు మీద ఉంటే చాలు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో తుఫాను.

ఫోన్లో మ్యాప్ వచ్చింది. తుఫాను వచ్చే దారి అని ఒక గీత. నేను జూమ్ చేసీ చేసీ చూస్తే, ఆ గీత ముసునూరు మీదుగా వచ్చి మా తోట గేటు మీద నుంచి పోతోంది!

పరిగెత్తుకుంటూ వెళ్లి బాబాయ్‌కి చూపించాను. ఆయన పడీ పడీ నవ్వారు.

"ఆ గీత మందమే పాతిక కిలోమీటర్లు ఉంటుందే. గీత చూడకు. దాని చుట్టూ తెల్లగా పరుచుకుని ఉంది చూడు, అదంతా తుఫాను రావడానికి వీలున్న చోటే."

"అదంతా నాకొద్దు బాబాయ్. వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పండి."

"పదింట ఏడు వంతులు పెద్ద గాలి వస్తుంది. మూడు వంతులు రాదు. సగం కాయ కోయించు, సగం ఉంచు. నేనూ అదే చేస్తున్నా."

నాకు ఒళ్లు మండింది. సగం కోయడమేంటి? ఇది కూడా ఒక సలహానేనా? పదిమంది కూలీలను పెట్టి, కాయ కోసే చిక్కాలు వేసి, రెండు రోజుల్లో తోటంతా ఊడ్చేశాను.

తుఫాను సముద్రంలోనే పక్కకు తిరిగిపోయింది. మన దగ్గర ఆకు కదల్లేదు.

ముదరని రసం మాగదు, ముడుచుకుపోతుందని మీకు తెలుసు. ఆ ఏడాది మా రసాల కాపు అలాగే పోయింది. ఆ మంటలో ఈ గ్రూపులోనే రాశాను: "ఇన్నేళ్ల సర్వీసు, ఇన్ని శాటిలైట్లు. వీటికంటే చిలక జోస్యం నయం." కొందరు నవ్వుతున్న బొమ్మలు కూడా పెట్టారు.

వారం తర్వాత బాబాయ్ తన చెట్ల మీద మిగిల్చిన సగంలోంచి బుట్టెడు రసాలు తెచ్చి మా పిల్లలకు ఇచ్చారు. సిగ్గు లేకుండా నేనూ తిన్నాను. సారీ మాత్రం చెప్పలేదు.

కిందటి వేసవిలో మా అమ్మాయి ఆయనకు ఏఐతో చేసిన ఫోర్‌కాస్ట్ చూపించింది. పెద్ద కంప్యూటర్లు గంటల తరబడి వేసే లెక్కను అది నిమిషాల్లో వేసేస్తుందట. తన పని లాక్కున్నారని బాధపడతారేమో అనుకున్నాను. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"మేము ఓడలవాళ్ల వైర్‌లెస్ కబురు కోసం కాచుకుని కూర్చుని, పెన్సిల్‌తో గీసేవాళ్లం తల్లీ! ఇంకొన్నాళ్లకు చాలా ముందే ఊరి పేరు చెప్పేస్తారు చూడు."

"మరి మా తోట పేరో తాతయ్యా?"

"అది చెప్పలేరు. చివరి పూట తుఫాను ఎంత ముదురుతుందో, ఎటు ఒరుగుతుందో దానికే తెలియదు. ఈ పూట చిటికెడు తేడా, నాలుగు రోజులకు కొండంత అవుతుంది. ఎంత పెద్ద మెషిన్ వచ్చినా అది పోదు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్లు మెరిశాయి. ఓడిపోయినట్టు చెప్పలేదు. దేవుణ్ణి చూసొచ్చినట్టు చెప్పారు.

నిన్న సాయంత్రం కార్యక్రమం అంతా అయ్యాక పిన్ని నన్ను పిలిచి, "బోరు మోటారు ఆటో స్విచ్‌లో పెట్టి ఉంది, కరెంటు రాగానే దానంతటదే ఆడుతుంది, ఆపి రావే" అంది. వాళ్ల మోటారు షెడ్డులోకి నేను వెళ్లడం అదే మొదటిసారి.

లోపలి గోడంతా పెన్సిల్ రాతలు.

పైన వరసగా పదింట మూడు, పదింట ఐదు, పదింట ఏడు, పదింట తొమ్మిది. ఒక్కోదాని కింద చిన్న చిన్న టిక్కులు, ఇంటూలు, పక్కన తేదీలు. ఇన్నేళ్లలో మనకు చెప్పిన ప్రతి గాలికీ వానకూ అక్కడ గుర్తు పెట్టుకున్నారు. వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ.

ఏడు కింద లెక్కపెట్టాను. మొత్తం పద్నాలుగు. టిక్కులు పది, ఇంటూలు నాలుగు. మూడు కింద పదకొండు ఉంటే, టిక్కులు మూడే. తొమ్మిది కింద పది ఉంటే, ఒకే ఒక్క ఇంటూ.

ఒళ్లు గగుర్పొడిచింది. అంత సముద్రం, అంత ఆకాశం. మనిషన్నవాడు వాటి గురించి ఎంత చెప్పగలడో సరిగ్గా అంతే చెప్పారు. ఒక్క పిసరు ఎక్కువ చెప్పలేదు.

ఏడు కింద రెండో ఇంటూ ఆ మే నెలది. పక్కన నా పేరు లేదు, నేనన్న మాట లేదు. తేదీ ఒక్కటే ఉంది.

ఆ నాలుగు ఇంటూలు లేకపోతే అది పదింట పది అయ్యేది, ఆయన చెప్పిన ఏడే తప్పయ్యేదని గోడ ముందు నిలబడ్డాక అర్థమైంది. ఆ ఏడాది మన తోటలు ఆ మూడు వంతుల్లో పడ్డాయి, అంతే. ఆయన నిజం చెప్పారు. నేను జోస్యం అడిగాను.

ఏ గ్రూపులో ఆ మాట అన్నానో అదే గ్రూపులో, అందరి ముందూ రాస్తున్నాను. బాబాయ్, మీ ఫోర్‌కాస్ట్ తప్పలేదు. నన్ను క్షమించండి.

ప్రశాంతంగా పడుకోండి బాబాయ్. వస్తుందా, రాదా అని ఇక ఎవరూ మిమ్మల్ని నిలదీయరు.