శుభ్రం చేసిన క్యాసెట్

రెండు వేల తొమ్మిది శీతాకాలంలో నేను కుదురుగా కూర్చున్నది నెలకు ఒక్క శనివారం మధ్యాహ్నమే. మిగతా రోజులన్నీ కాలు గాలిన పిల్లిలా తిరిగాను. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు కుప్పకూలుతున్నాయి. కార్ల శబ్దాలు పరీక్షించే మా ల్యాబ్‌లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టెలో సామాను సర్దుకుని పార్కింగ్ లాట్ వైపు నడిచేవారు. నా వీసా ఆ ఉద్యోగాన్నే పట్టుకుని వేలాడుతోంది. ప్రాజెక్టులు ఆగిపోయాయి, చేయడానికి పని లేదు. చేతులు ఊరుకోవు.

ఆ శనివారాలు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక డాక్టరుగారి బేస్‌మెంట్‌లో గడిచేవి. డెబ్భైల్లో గుంటూరు నుంచి వచ్చి, రిటైరై, గోడ పొడవునా జాజ్ రికార్డులు పేర్చుకున్న మనిషి. అయిదుగురం చేరేవాళ్ళం. ఒక్కొక్కరూ తమకు ప్రాణమైన ఆల్బమ్ ఒకటి తేవాలి. రికార్డు ఒక సైడు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, మిరపకాయ బజ్జీలు కూడా సైడు మారేటప్పుడే. ఆ తర్వాత ఎవరి ఆల్బమ్ వాళ్ళ కుడిపక్కన కూర్చున్నవాళ్ళ ఇంటికి వెళ్ళాలి. నెల్లాళ్ళు విని, తిరిగి తెచ్చి, ఏం విన్నారో చెప్పాలి. నాకైతే తెచ్చుకున్న ఆల్బమ్ కన్నా ఇచ్చేసిన ఆల్బమ్ మీదే ధ్యాస. వాళ్ళింట్లో దాని మీద గీతలు పడుతున్నాయేమోనని నెలంతా గింజుకునేదాన్ని.

మాలో అందరికంటే పెద్దాయన డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. వయసులో ఉన్నప్పుడు శాక్సఫోన్ వాయించేవారు. ఆ జనవరిలో ఆయన రికార్డు తేలేదు. జేబులోంచి ఒక క్యాసెట్ తీశారు. డెబ్భైల్లో ఒక బార్‌లో తనూ, తన తమ్ముడూ వాయిస్తుంటే ఎవరో రికార్డు చేసి ఇచ్చినదట. తమ్ముడిది పియానో. ఆ తమ్ముడు పోయి చాలా ఏళ్ళయింది, ఇంకో కాపీ లేదు. డాక్టరుగారి దగ్గర క్యాసెట్ ప్లేయర్ లేకపోవడంతో అక్కడ వినడం కుదర్లేదు. ఆయన కుడిపక్కన కూర్చున్నది నేను.

"ఊరికే విను, అంతే," అని నా చేతిలో పెట్టారు.

ఊరికే వినడం నాకు చేతనైన పని కాదు. ఇంటికెళ్ళగానే గరాజ్ సేల్‌లో కొన్న పాత ప్లేయర్‌ని కంప్యూటర్‌కి కలిపి, వింటూనే కాపీ చేశాను. అంతవరకూ బాగానే ఉంది. వెనక్కి తిప్పేటప్పుడు ప్లేయర్ టేపును నమిలేసింది. లాగి చూస్తే నాలుగుచోట్ల తెగి, మిగతాది ముడతలు పడి ఉంది. వెంటనే ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. కంప్యూటర్‌లో కాపీ ఉందిగా, దాన్ని ఇంకా బాగుచేసి ఇస్తే క్యాసెట్ సంగతి ఆయన మర్చిపోతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పైగా నా వృత్తే అది. కారులో ఎక్కడినుంచి మోత వస్తోందో వెతికి తీసేయడం. ఆ రికార్డింగ్ నిండా మోతే. గ్లాసుల గలగల, దగ్గు, వెనకాల టేపు బుస. అన్నిటికీ మించి పియానో పక్కనే ఎవడో తాగుబోతు కూనిరాగం తీస్తున్నాడు, అదీ శ్రుతి తప్పి. వాడి మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ల్యాబ్‌లో లంచ్ టైమంతా, ఇంట్లో సాయంత్రాలన్నీ కూర్చుని, కంప్యూటర్ తెరమీద వాడి గొంతు గీతలుగా కనిపించినచోటల్లా ఎంచి ఎంచి తీసేశాను.

"ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు," అన్నాడు మా ఆయన. "ఆయన వినమన్నాడు. విని ఇచ్చెయ్యరాదూ?"

"నువ్వుండు. నాయిస్ అంతా రిమూవ్ చేసి ఇస్తే ఎంత హ్యాపీగా ఫీలవుతాడో చూడు."

మూడు వారాలు పట్టింది. పని పూర్తయ్యాక పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేశాను. అంత గర్వం.

ఫిబ్రవరి శనివారం, డాక్టరుగారి స్పీకర్లలో నేను శుభ్రం చేసి తెచ్చిన సీడీ మోగింది. పియానో కడిగిన గాజుగ్లాసులా ఉంది. పెద్దాయన ముందుకు వంగి, కళ్ళు మూసుకుని విన్నారు. మొదటి పాట సగంలో కళ్ళు తెరిచారు. మా నియమాన్ని ఆయన తప్పడం అదే మొదటిసారి.

"నా తమ్ముడేడి?"

"వాయిస్తున్నది ఆయనే కదా. ఎంత క్లియర్‌గా ఉందో చూడండి," అన్నాను.

"అది పియానో. నా తమ్ముడేడి? వాడు కూనిరాగం తీయకుండా ఒక్క పాట కూడా వాయించలేడు."

డాక్టరుగారు లేచి సీడీ ఆపేశారు. నావైపు తిరిగి తెలుగులో, మెల్లగా అడిగారు. "ఏం చేశావమ్మా?"

బ్యాగులోంచి క్యాసెట్ తీసి, జరిగిందంతా చెప్పాను. తాగుబోతు అనుకున్న సంగతి కూడా చెప్పాను, దాచడానికి ఇంకేం మిగిలిందని. పెద్దాయన తిట్టి ఉంటే బాగుండేది. ముడతలుపడ్డ టేపును వేలితో ఒకసారి సవరించి, కోటు కోసం లేచారు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ల్యాబ్‌లో ఏ శబ్దం తీసేసినా, తీసేసినదాన్ని పారేయం. పనికొచ్చేదేమైనా అందులో కొట్టుకుపోయిందేమో వినడానికి విడిగా దాస్తాం. చేతి అలవాటుకొద్దీ ఈ రికార్డింగ్‌లోంచి తీసేసినదాన్నీ దాచాను. వినాల్సినదాన్ని వినలేదు, అంతే. ఒక్క గంట ఆగమని ఆయన్ని బతిమాలి, మంచులో ఇరవై నిమిషాలు డ్రైవ్ చేసి, ల్యాప్‌టాప్ తెచ్చాను. దారిలో ప్రతి ఎర్రలైటు దగ్గరా నన్ను నేనే తిట్టుకున్నాను. వైరు స్పీకర్లకు పెట్టాను.

మొదట బుస. గ్లాసులు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఒక మగగొంతు, పియానో లేకుండా, ఒంటరిగా. అక్కడక్కడ తెగుతోంది, శ్రుతి తప్పుతోంది, మళ్ళీ అందుకుంటోంది. మధ్యలో తనలో తనే నవ్వుకున్నాడు. పెద్దాయన సోఫా అంచున కూర్చుండిపోయారు.

అయిపోయాక నేనే మాట్లాడాను. "రెండూ కలిపితే మళ్ళీ ఎప్పటిలాగే ఉంటుంది. ఇవాళే చేసి ఇస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"పియానో అందరూ విన్నారు. ఆ రోజు రికార్డింగ్ పాడుచేశావని, ఈ కూనిరాగం తీసినందుకే బార్‌లో అందరిముందూ వాణ్ణి తిట్టాను. మళ్ళీ వాడు నా పక్కన కూర్చుని వాయించలేదు."

ఆయన కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మొదటినుంచి పెట్టు," అన్నారు.