మూడు శుక్రవారాల యాత్ర

మూడు రోజుల యాత్రను మూడు వారాలకు సాగదీయడం మాలాంటివాళ్లకే చెల్లింది. బహ్రెయిన్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు వరసగా మూడు రోజులు సెలవెవరిస్తారు? దొరికితే శుక్రవారం ఒక్కటే దొరుకుతుంది, అదీ అందరికీ కాదు. అందుకే అక్క కోసం నేను వేసిన ప్లానులో ఒక రోజుకీ ఇంకో రోజుకీ మధ్య వారమంతా డ్యూటీ ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఆవిడది అమలాపురం వైపు, మాది రాజోలు వైపు. నేను మొదటిసారి గలాలీలో ఒకింట్లో పనికి దిగినప్పుడు ఆవిడ పక్కింట్లో చేస్తుండేది. రెండిళ్ల డాబాలకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటి. దిగిన కొత్తలో నేను బట్టలారేస్తూ వెక్కివెక్కి ఏడుస్తుంటే, అటువైపు తడి దుప్పటి దులుపుతున్న ఆవిడ ఏడవకని చెప్పలేదు. ఇంట్లోవాళ్లు చెప్పేది నీకు అర్థమవుతోందా అని అడిగింది. ఒక్క ముక్క కూడా అర్థం కావట్లేదన్నాను. ఆ రోజు నుంచి బట్టలారేసే వేళే నాకు బడి వేళ. రోజుకి రెండో మూడో అరబ్బీ మాటలు చెప్పేది. అన్నిటికంటే ముందు నేర్పింది ‘అబీ’. నాకు కావాలి అని అర్థం.

“అన్నం సాలకపోతే అబీ అను. ఒంట్లో బాలేకపోతే మందు అబీ అను. నోరు కట్టేసుకుని కూచుంటే నీ మనసులో ఏవుందో ఆళ్లకెలా తెలుత్తాదే?” అంది.

ఆ మాట పట్టుకునే నేనిక్కడ బతికి బట్టకట్టాను. కడుపునిండా తినగలిగాను. ఇంటికి ఫోన్ చేసుకునే టైము అడగగలిగాను. కాంట్రాక్టు అయ్యాక వేరే పనికి వెళ్తానని కూడా అడగగలిగాను. ఇప్పుడు ఈసా టౌన్‌లో చిన్నపిల్లల బడిలో ఆయాగా చేస్తూ, నయీమ్‌లో ఒక పాత మేడ మీద ఇంకో ఇద్దరితో కలిసి ఉంటున్నాను. ఈ మాత్రం జీవితం ఉన్నందుకు రోజూ ప్రార్థనలో దేవుడికి థాంక్స్ చెబుతాను, ఆ వెంటనే అక్కకి చెబుతాను.

అలాంటి అక్క చలికాలం చివర్లో ఒక శుక్రవారం (ఇక్కడ ఆరాధన ఆ రోజే) చర్చిలో నా పక్కన కూర్చుని, ఖలాస్, ఇంటికి వెళ్లిపోతున్నానని చెప్పింది. మోకాళ్లు మాట వినడం లేదట. రంజాన్ ఉపవాసాల నెల రాకముందే టికెట్. ఆ కబురుతో పాటు ఇంకోటి కూడా చెప్పి నవ్వింది. మనవరాలు ఫోన్‌లో బహ్రెయిన్ ఎలా ఉంటుంది అమ్మమ్మా అని అడిగిందట. ఎంత ఆలోచించినా వంటగదీ, డాబా, చర్చికొచ్చే వ్యాను కిటికీ తప్ప చెప్పడానికి ఏమీ తోచలేదట. నాకు నవ్వు రాలేదు. అసలే నాకు కోపం ముక్కుమీదుంటుంది. ఇన్నేళ్లుండి ఏమీ చూడకుండా ఈ మనిషి విమానమెక్కడానికి వీల్లేదని అప్పటికప్పుడే తేల్చేశాను.

ఇక్కడ వసంతం ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. కాస్త చల్లగాలి ఉండగానే తిరగాలి, ఎండ ముదిరాక బయట నిలబడలేం. ఆవిడ టికెట్‌కి ముందు మూడు శుక్రవారాలు మిగిలాయి. చర్చి వ్యాను నడిపే జగిత్యాల భాయ్‌ని అడిగితే, అక్క కోసమైతే ఎక్కడికైనా తోలుతానన్నాడు. ఆయన ఈ దేశాన్ని ఇప్పటికీ దుబాయి అనే అంటాడు. తినడానికీ, కాసేపు నడుం వాల్చడానికీ మా నయీమ్ గదే హోటల్ అనుకున్నాం. మొదట మనామా ఊరు, తర్వాత ఎడారిలో చెట్టు, ఆఖర్న సముద్రం. సముద్రం గలాలీలో అక్క పనిచేసే ఇంటి వెనక సందులు దాటితే వచ్చేస్తుంది. దాని వాసన డాబా మీదకి వచ్చేది గానీ, నీళ్ల దాకా ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. దగ్గరే కదా, ఎక్కడికి పోతుందిలే అని నేనే దాన్ని చివరికి పెట్టాను.

మొదటి శుక్రవారం అక్క ఒక పెద్ద గిన్నెడు పులిహోర, వేయించిన కోడి, ఉడకబెట్టిన గుడ్లు మోసుకొచ్చింది. యాత్రకొచ్చావా, వడ్డించడానికొచ్చావా అని ఏడిపించాను. బజార్లో నా చేతి సంచి లాక్కుని, అలవాటుకొద్దీ నా వెనకే నడిచింది. రెండుసార్లు ముందుకు లాగాను, రెండుసార్లూ మళ్లీ వెనక్కే జారింది. చివరికి చెయ్యి పట్టుకుని పక్కన నడిపించాను. ఊరి చివర పాత కోట దగ్గర మెట్లెక్కలేక గోడ పక్కన కూలబడి, పాత రాళ్లన్నీ తీరిగ్గా చూసింది.

రెండో శుక్రవారం ఎడారిలో ఎంతో దూరం వెళ్లి, చుట్టూ నీటిచుక్క లేకపోయినా వందల ఏళ్లుగా పచ్చగా ఉందని ప్రపంచమంతా వచ్చి చూసే ఆ ఒంటరి చెట్టు ముందు దిగాం.

“ఒక్క సెట్టు కోసం ఇంత దూరం తీసుకొచ్చావేంటే? మా కోనసీమలో సెట్లు అడ్డమొచ్చి ఆకాశం కనపడదు,” అంది. అన్నదే గానీ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించుకుని అక్కడికక్కడే మనవరాలికి పంపింది.

మూడో శుక్రవారం చర్చిలో ఆవిడ చోటు ఖాళీ. ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. మేడమ్ ఇంటికి చుట్టాలు భోజనానికొస్తున్నారు, రాలేను, నువ్వేమీ బాధపడకు, సముద్రం చూడకపోతే మాత్రం కొంపేం మునిగింది అని. పాటలు పాడుతున్నంతసేపూ కోపంతో పళ్లు పటపటా కొరుకుతూనే ఉన్నాను. విమానం మంగళవారం సాయంత్రం. ఇంక శుక్రవారం లేదు.

మంగళవారం మధ్యాహ్నం బడి వదలగానే భాయ్ వ్యాను ఎక్కి నేరుగా గలాలీ వెళ్లాను. మేడమ్‌ని కడిగెయ్యాలని దారి పొడుగునా అరబ్బీలో మాటలు కూడబలుక్కున్నాను. తలుపు ఆవిడే తీసింది. వెనకాల హాల్లో అక్క, తాడు కట్టిన పెట్టె పక్కన, తల వంచుకుని నిలబడి ఉంది. ఆ తల చూసేసరికి కూడబలుక్కున్నవన్నీ ఎగిరిపోయాయి. నోట్లో మిగిలింది డాబా మీద నేర్చుకున్న మొదటి మాటే. అబీ, అన్నాను. ఈ మధ్యాహ్నం నాకు అక్క కావాలి, సముద్రం చూపించి ఏర్‌పోర్టులో నేనే దింపుతాను అన్నాను.

మేడమ్ నన్నూ అక్కనీ మార్చి మార్చి చూసింది. “ఈమె ఎప్పుడూ అడగలేదు. బయటికెళ్లడం ఇష్టం లేదేమో అనుకున్నాను,” అంది.

నా కోపం ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు. ఆవిడ లోపలికెళ్లి ఖర్జూరాల డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, యల్లా, వెళ్లండి అంది. ఇద్దరి కళ్లూ తడిశాయి. అంత సులువుగా పంపినందుకు ఆవిడకీ నేను మనసులో దండం పెట్టుకున్నాను.

పెట్టె వ్యానులోనే ఉంచి ముగ్గురం ఒడ్డుకి వెళ్లాం. నాలుగు పడవలు, కాస్త ఇసక, పలచటి అలలు. అక్క చెప్పులు విప్పి, ప్రయాణానికి కట్టుకున్న కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చీలమండల దాకా నీళ్లలోకి దిగింది. నెత్తిమీదుగా విమానం ఒకటి కిందికి దిగుతోంది. ఆవిడ దానివైపు చూడను కూడా చూడలేదు. చాలాసేపటికి నేనే, టైమవుతోంది అక్కా, వెళ్దామా అన్నాను.

“అబీ,” అంది నీళ్లవైపే చూస్తూ. “ఇంకాసేపు కావాలే నాకు.”

తన కోసం ఆవిడ ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

“కూసోనియ్యి చెల్లె. ఏర్‌పోర్టు గీ పక్కకే గద,” అన్నాడు భాయ్.

నేనూ చెప్పులు విప్పి ఆవిడ పక్కన దిగాను.