గుండ్రంగా చుట్టిన తెల్లపూలు

మైదా ఉడుకుతున్న వాసనకు వంటింట్లోకి వెళ్లాను. జిగురు పక్కన పెట్టుకుని నా కూతురు తెల్ల గుడ్డముక్కలతో పూలు చేస్తోంది. ఆదివారం మా చర్చి ఫాదర్‌కు వీడ్కోలు.

మన నేత కార్మికుల పేట అమ్రోలిలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుందా? మరమగ్గాల దగ్గర పడేసిన చిందీ పేలికలు ఏరుకొచ్చి, మన పాత ఫాదర్ బదిలీకి పూలు చేసి తీగకు గుండ్రంగా చుట్టాం. మా నానమ్మ చూసి ఉలిక్కిపడింది.

"గిట్ల గుండ్రంగ శవపెట్టె మీద పెడ్తరు గదరా! జల్ది ఇప్పుండ్రి."

మనం నవ్వాం. ఫాదరూ నవ్వి, దాన్ని మెడలో వేసుకునే బయల్దేరారు. దారిలో కడోదరా ఊరు దాటకముందే ఆయన జీపును లారీ గుద్దింది. మర్నాడు ఆ పూలే ఆయన శవపెట్టె మీద పెట్టారు.

"మమ్మీ, జర ఈ కొస పట్టుకో. గుండ్రంగ కలపాలె," అంది నా కూతురు.

విప్పెయ్ అనబోయాను. అప్పటికే తీగ కొస నా చేతిలో ఉంది.