హార్సిలీ కొండ మీద మా నాయన నడిపిన హోటలు

మా చిన్నప్పుడు... హార్సిలీ కొండ మీద మా నాయన టెంటు వేసి గంట కూడా కాలేదు, ఎవరో ఒకాయన లోపలికి తల పెట్టి "భోజనం ఉండాదాప్పా?" అని అడిగాడు. మా ఖర్మ ఆ ఒక్క మాటతో మొదలైంది.

టెంటంటే నిజం టెంటు కాదులెండి... పుంగనూరులో మా చిల్లరంగడి ముందర ఎండకు కట్టే టార్పాలిన్ పట్ట. రూము దండగని నాయన దాన్నే చుట్టి బస్సు టాపు మీద వేయించాడు. కిరసనాయిలు స్టవ్వు, సంగటి కెలికే కట్టె, తపేలాలు, మూటెడు రాగిపిండి, ఆఖరికి సంగటిలోకి ఊరుబిండి పచ్చడి నూరుకునే పొత్రం కూడా... మదనపల్లెలో బస్సు మారేసరికే అమ్మకు నడుము పట్టేసింది.

అసలు మేం పోయింది మ్యాజిక్ షో కోసం. వేసవి సెలవుల్లో కొండ మీద స్టేజీ కట్టి సాయంత్రాలు ప్రోగ్రాములు పెట్టేవాళ్ళు. ఆ ఏడు వచ్చిన మెజీషియన్ ఒక అమ్మాయిని పెట్టెలో పడుకోబెట్టి, రంపంతో రెండు ముక్కలు కోసి, మళ్ళీ అతికిస్తాడని మా క్లాసులో ఒకటే గోల. అది చూపించమని నేనూ, మా చెల్లి వాణీ నాయన ప్రాణం తోడేశాం.

స్టేజీకి దగ్గరని ఆయన దారి పక్కనే పట్ట కట్టాడు. సంగటి వాసనకు దారిన పోయేవాళ్ళంతా అది హోటలనుకున్నారు. కాదని ఒక్క మాట చెప్పొచ్చు కదా... వచ్చిన గిరాకీని పొమ్మనడం ఆయన ఒంట్లోనే లేదు. "రాండప్పా, కూర్చోండి" అన్నాడు. మా వైపు తిరిగి, "ఈ నలుగురికీ పెట్టేసి పోదాంలేమ్మా" అన్నాడు.

ఆ నలుగురూ లేచేలోపు ఇంకో నలుగురు. అమ్మ సంగటి కెలుకుతూ, వాణి నీళ్ళు మోస్తూ, నేను విస్తరాకులు వేస్తూ... అవతల చప్పట్లు, ఈలలు. "కోసేసినట్టుండారక్కా" అని వాణి ఏడుపు మొహం పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మరుసటి రోజు కూడా ఇదే తంతు. గుర్రంకొండ నుంచి వ్యాను నిండా జనం దిగారు, నాయన వాళ్ళకు ఎదురెళ్ళి మరీ పిలుచుకొచ్చాడు.

మూడో రోజు ఆఖరి షో. అమ్మ గరిటె కింద పెట్టి చేతులు కడుక్కుంది. "పాండి మే, షో సూద్దాం. ఈ హోటలేదో మీ నాయన్నే నడుపుకోమను" అంది, ఆయనకు వినబడేటట్టు.

మొదటి వరసలో కూర్చున్నాం. పెట్టె స్టేజీ మీదే ఉంది, రంపమూ ఉంది. మెజీషియన్ మాత్రం లేడు. ఇదిగో వస్తున్నాడని మైకులో చెబుతూనే ఉన్నారు... ఇంతలో మబ్బు కమ్మి వాన దంచేసింది. షో క్యాన్సిల్.

తడిసి ముద్దై వస్తే, నాయన మొహం వెలిగిపోతోంది. "యాడికి పోయినారు మీరు? మెజీషియన్ ఇంతసేపూ ఈడే కూర్చోని తినె. అడగడగా పెడితిని, లేయనిస్తే కదా నేను. ఆ పెట్టెలో పడుకునే పాప గూడా వచ్చింది."

తిరుగు దారిలో ఆ తపేలాలూ, పొత్రమూ అన్నీ అమ్మ ఆయన చేతే మోయించింది.

ఇప్పుడు అదే కొండ మీద రంగురంగుల టెంట్లు అద్దెకిస్తున్నారు... మొన్న పిల్లలతో పోతూ అమ్మానాయనల్నీ తీసుకెళ్ళాం. పక్క టెంటులో ఎవరున్నారో మాకు తెలియదు, మేమెవరమో వాళ్ళకు తెలియదు. నాయన బయట కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాడు. ఒక్కరూ ఆగలేదు. ఇన్నేళ్ళ కోపం అప్పుడు కాసేపు ఎటు పోయిందో...

కాసేపే లెండి. ఆ అమ్మాయిని ఎట్లా అతికించారో నాకు ఈరోజుకీ తెలియదు. మీలో అలాంటి షో చూసినవాళ్ళుంటే కాస్త కామెంట్లో చెప్పి పుణ్యం కట్టుకోండి... మా నాయన్ని అడిగితే మాత్రం, "కోసిందీ లేదు, అతికించిందీ లేదు మే. ఆ పాప సుబ్బరంగా కూర్చోని రెండు ముద్దలు తినిపోయింది, వడ్డించింది నేనే కదా" అంటాడు.