పాత కలకత్తా రోడ్డు మీద బొండాం

డ్రైవర్ ఎడ్విన్ వ్యానులో నీళ్ల సీసా ఉండదు. అందులో ఎక్కేది ఉద్దానం ఊళ్ల నుంచి టెక్కలికి డయాలసిస్‌కి వెళ్లే కిడ్నీ జబ్బు మనుషులు. డాక్టర్లు కొలిచిచ్చిన గ్లాసుడు నీళ్లని రోజంతా గుక్క గుక్కగా సరిపెట్టుకునేవాళ్లు. వాళ్లెదుట గొంతు తడుపుకోవడం పాపమని, నాలుక పిడచకట్టుకుపోయినా సరే, టెక్కలి చేరేదాకా అతను ఓర్చుకుంటాడు.

ఆ రోజు వ్యానులో గున్నయ్య ఒక్కడే. పాత కలకత్తా రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు అమ్మి బతికినవాడు. కొత్త హైవే పడ్డాక లారీలు అటు మళ్లాయి. ఆ తర్వాత అతనికి జబ్బు చేసింది. ఇప్పుడు దుకాణం భార్య సింహాచలమ్మ చూసుకుంటోంది. మొగుణ్ని మాత్రం ఆ ఛాయలకే రానివ్వదు.

“ఒరే ఎడ్విన్, ఒక్కపాలి పాత రోడ్డంట పోనీరా. నా దుకాణం సూసి శానా కాలమైంది” అన్నాడు గున్నయ్య.

పాపం, ఎలా కాదంటాడు? వ్యాను గతుకుల్లో పడింది. దారి పొడుగునా గున్నయ్య ఒకటే కబుర్లు. ఒడియా లారీలు ఆగే చోటు, వానాకాలం మునిగిపోయే కల్వర్టు, అన్నీ చూపించాడు. మనిషి ముఖం అంత వెలగడం ఎడ్విన్ ఎన్నడూ చూడలేదు.

వ్యాను దుకాణం ముందు ఆగింది. బండి తెచ్చిన డ్రైవరుకి తొలి కాయ ఇవ్వడం ఆ రోడ్డు ఆనవాయితీ. వద్దంటే దుకాణాన్ని చిన్నబుచ్చినట్టే. మొగుణ్ని చూసి గొణుక్కుంటూనే సింహాచలమ్మ కాయ కొట్టి ఎడ్విన్ చేతిలో పెట్టి, అప్పుడే ఆగిన బస్సు దగ్గరికి పరిగెత్తింది. వ్యాను వెనక్కి పోయి తాగుదామనే అనుకున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. నిలబడ్డ చోటే సగం కాయ గటగటా తాగేశాడు. తలెత్తేసరికి గున్నయ్య కిటికీలోంచి అతని గొంతు వంకే చూస్తున్నాడు.

“కొంచెం ఉంచినావేటిరా?”

బొండాం నీళ్లు ఈ రోగుల గుండెని ఆపేయగలవని నర్సు చెప్పిన మాట ఎడ్విన్‌కి గుర్తుంది. కానీ సిగ్గుతో చచ్చిపోతున్నవాడికి వద్దనడానికి నోరు రాలేదు. కాయ అందించాడు.

టెక్కలి ఇంకా కొంత దూరం ఉందనగా గున్నయ్య చేతులు వాలిపోయాయి, పిలిస్తే పలకలేదు. “ప్రభువా, నా చేతులారా చంపేశాను” అని ఏడుస్తూ ఎడ్విన్ బండిని పరుగెత్తించాడు. ఆసుపత్రివాళ్లు కిందా మీదా పడి బతికించారు.

“దారిలో ఏం ఇచ్చారు?” నర్సు ఎడ్విన్‌ని నిలదీసింది. అతను నోరు తెరిచేలోపే మంచం మీంచి నీరసంగా గొంతు వినబడింది.

“ఎవలూ ఇవ్వనేదమ్మా. నానే తాగీసినాను.”

తర్వాతి ట్రిప్పుకి ఎడ్విన్ వాళ్ల ఇంటి ముందు బండి ఆపితే, సింహాచలమ్మ కొట్టిన కాయతో ఎదురొచ్చింది.

“నువ్వంత జోరుగా తోలకపోతే మీ మావ దక్కునా బావూ? తాగు.”

ఎడ్విన్ చల్లటి కాయ అందుకున్నాడు. “అత్తా, ఆ రోజు ఆ కాయ...”

“తాగరా” అని అడ్డు తగిలాడు అప్పటికే వ్యానెక్కి కూర్చున్న గున్నయ్య. “నాను అటు తిరుగుతాన్లే.”